బెర్లిన్‌లో ఒకే టికెట్టుతో నాలుగు మ్యూజియాలు: ఒక బంగారం పనివాడి రివ్యూ

నెల్లూరు నుంచి పిల్లల దగ్గరికి జర్మనీ వెళ్ళొచ్చే అమ్మానాన్నలు ఈమధ్య బాగా పెరిగారు. తిరిగొచ్చాక వాళ్ళను కదిలిస్తే అందరిదీ ఒకటే మాట: "మావాడు మ్యూజియాలకు తిప్పాడబ్బా, మోకాళ్ళు పట్టేసినాయి." ఏం చూశారంటే మాత్రం రాతి బొమ్మలంటారు, పటాలంటారు, అక్కడితో ఆగిపోతారు. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. బెర్లిన్ మ్యూజియం ఐలాండ్‌కి ఒకరోజు టికెట్టు కొనడం దండగా? నా లెక్కలో కాదు. అయితే లోపల ఉన్నదంతా చూసెయ్యాలని బయల్దేరితే మాత్రం దండగే.

నేను ఆచారి వీధిలో బంగారం పని చేసేవాణ్ణి. ఇప్పుడు కొత్త నగలకు పెద్ద షోరూములున్నాయి కాబట్టి మా దగ్గరికి తెగిన గొలుసులు, ఊడిన రాళ్ళు, వేలికి బిగుసుకుపోయిన ఉంగరాలే వస్తున్నాయి. వచ్చింది చేస్తూ కాలం గడుపుతున్నాను. ఇదెందుకు చెబుతున్నానంటే, ఈ రివ్యూ అంతా ఆ కళ్ళతో చూసిందే. చిత్రకళ గురించి, గ్రీకు దేవుళ్ళ గురించి తెలుసుకోవాలంటే నాకన్నా చదువుకున్నవాళ్ళు రాసినవి చూడండి.

ముందు టికెట్టు సంగతి. ష్ప్రే నది మధ్యలో ఒక లంక ఉంది. దాని ఉత్తరపు కొసన అయిదు మ్యూజియాలు పక్కపక్కనే ఉంటాయి. 1830లో మొదటిది, 1930లో చివరిది తెరిచారు. అంటే అన్నీ తయారవడానికి నూరేళ్ళు పట్టింది. 1999లో యునెస్కో ఈ లంకను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేము వెళ్ళినప్పుడు అన్నిటికీ కలిపి ఒకరోజు టికెట్టు 24 యూరోలు, మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు. విద్యార్థి కార్డు ఉంటే సగం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. మావాడు ఇంకా చదువుకుంటున్నాడు కాబట్టి సగంతో బయటపడ్డాడు. ధరలు మారుతుంటాయి, వెళ్ళేముందు ఒకసారి చూసుకోండి.

అయిదనే మాట నమ్మి పోవద్దు. పెర్గమాన్ మ్యూజియం 2023 అక్టోబరు నుంచి మరమ్మతుల కోసం పూర్తిగా మూసేశారు. బాబిలోన్ నుంచి తెచ్చిన నీలి ఇటుకల ద్వారం ఉండేది అందులోనే. కొంత భాగం 2027లో తెరుస్తారట, ఆ ద్వారం ఉన్న వైపు మాత్రం 2037 దాకా తెరవరట. నా వయసు వాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. దానికి బదులన్నట్టు, కాలవ అవతలి ఒడ్డున పనోరమా అని ఒక గుండ్రటి హాలు కట్టారు. అదీ ఈ టికెట్టులోనే వస్తుంది. ఆ లంక మీదే ఉన్న పెద్ద చర్చికి మాత్రం ఈ టికెట్టు చెల్లదు, దానికి వేరే కొనుక్కోవాలి.

టికెట్టు కొన్నాక మావాడు ఫోన్లో పెద్ద పట్టిక తయారుచేశాడు. పదింటికి ఇది, పదకొండున్నరకు అది అని. "రేయ్, అంత తిరిగే ఓపిక మీ అమ్మకు లేదు. బంగారం ఎక్కడుంటే అక్కడ ఆగుదాం, తక్కినవి నడుస్తూ చూద్దాం" అన్నాను. "అది మ్యూజియం చూడటమా నాన్నా?" అన్నాడు. నాకు తెలిసిన పద్ధతి అదే. ఏ పనివాడైనా తన పని మీదుగానే ఊళ్ళు చూస్తాడు. వ్యవసాయం చేసేవాళ్ళు వెళితే నాగళ్ళు, ధాన్యం గాదెలు వెతుక్కోండి. నేతవాళ్ళు బట్టలు వెతుక్కోండి. విడివిడిగా టికెట్లు కొంటే ఇలా కుదరదు. ఒక్కో గుమ్మం దగ్గర డబ్బు కట్టాక, కట్టినంత మేరా చూడాలన్న యావ పట్టుకుంటుంది. ఈ ఒకరోజు టికెట్టు చేతిలో ఉంటే ఇరవై నిమిషాలు ఉండి బయటికి వచ్చేసినా మనసు పీకదు.

మొదట వెళ్ళింది నోయెస్ మ్యూజియానికి. ఇక్కడ రద్దీ ఎక్కువ, లోపలికి వెళ్ళే టైమ్ స్లాట్ ముందే పెట్టుకోవడం మంచిది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని ఏళ్ళ తరబడి పాడుపడి ఉన్న భవనం ఇది. బాగుచేసి 2009లో మళ్ళీ తెరిచారు. బాగుచేసినవాళ్ళు గాయాలు కప్పెట్టలేదు. కాలిన గోడలు, తూటాలు తగిలి పెచ్చులూడిన స్తంభాలు అలాగే కనబడుతుంటాయి. పాత నగకు అతుకు వేసేటప్పుడు అతుకు కనపడకూడదని మేం తంటాలు పడతాం. వీళ్ళు అతుకు కనపడాలనే వేశారు. నాకు నచ్చింది.

మేం నేరుగా పై అంతస్తుకు వెళ్ళాం. అక్కడ చీకటి గదిలో ఒంటరిగా ఒక బంగారు టోపీ నిలబెట్టి ఉంది. ఈ టికెట్టులో నాకు ముట్టిన విలువంతా ఇక్కడే ముట్టింది, తక్కినదంతా కొసరు.

సుమారు మూడు వేల ఏళ్ళ కిందటిది. ఎత్తు 74.5 సెంటీమీటర్లు, అంటే నా నడుము దాకా రాదు. మొనదేలిన పొడుగాటి టోపీ, కింద అంచు. బరువు 490 గ్రాములు. నేను వెంటనే సవర్లలోకి మార్చాను, అరవై ఒక్కటి. మన పెళ్ళిళ్ళలో అంతకు మించి పెట్టేవాళ్ళున్నారు కాబట్టి బరువు చూసి ఆశ్చర్యపోలేదు. బంగారం పాలు 87.7 శాతం, అంటే దాదాపు ఇరవై ఒక్క క్యారెట్లు. 916 ముద్రకు కాస్త తక్కువ. తక్కినదాంట్లో ఎక్కువ వెండి, రవ్వంత రాగి, తగరం. గీటురాయి మీద గీస్తే కొంచెం పాలిపోయిన పసుపు వస్తుందని అనుకున్నాను, అద్దంలోంచి చూసినా ఆ రంగే కనిపించింది.

ఆశ్చర్యమల్లా ఇది ఒక్క ముద్ద నుంచి సాగగొట్టింది కావడం. ఆ బంగారమంతా కలిపి ముద్ద చేస్తే మూడు సెంటీమీటర్ల ఘనం అవుతుంది, అరచేతిలో పట్టేంత. దాన్ని సుత్తితో కొడుతూ కొడుతూ, ఎక్కడా అతుకు లేకుండా, అంత ఎత్తు లేపారు. పనివాళ్ళకు అర్థమవుతుంది ఇదేమిటో. బంగారం కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. మళ్ళీ కుంపట్లో పెట్టి ఎర్రబడేదాకా కాచి మెత్తబరచాలి, మళ్ళీ కొట్టాలి. కాక ఎక్కువైతే రేకు అంచు కరిగి ముద్దవుతుంది, తక్కువైతే చీలుతుంది. చీలితే టంకం పెట్టాలి, టంకం పెట్టిన చోట వన్నె మారి పట్టిస్తుంది. నేను ఆ అద్దం చుట్టూ తిరిగి తిరిగి చూశాను. టంకం గీత దొరకలేదు. నా వెనక వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు, నేను వంగి, గొంతుక్కూర్చుని, మొన దగ్గర రేకు ఎలా తిప్పారా అని చూస్తున్నాను. అక్కడ కూర్చున్న కాపలా ఆవిడ రెండుసార్లు లేచి దగ్గరికి వచ్చింది. మావాడు జర్మన్‌లో ఏదో చెప్పాడు, అప్పుడు నవ్వింది.

టోపీ పొడుగునా అడ్డంగా పట్టీలు, పట్టీల నిండా గుండ్రటి అచ్చులు, ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు. లోపల బంకా మైనం లాంటిది పోసి, అది గట్టిపడ్డాక పైన అచ్చులు కొట్టి ఉంటారట. మేం లక్క పోసి నగిషీ కొడతామే, అదే పద్ధతి! కింద అంచు వంగిపోకుండా ఒక మెలి తీగ పెట్టి రేకును దాని మీదికి మడిచారు. గిన్నె అంచు మడవడం ఇప్పటికీ అంతే. ఆ వలయాల లెక్కలో చంద్రమాసాలకూ సూర్యుడి ఏడాదికీ పొంతన కుదిర్చే పట్టిక దాగుందని కొందరు పరిశోధకులు అంటారు. మన అధికమాసం ఎందుకు వస్తుందో తెలిసినవాళ్ళకు ఆ లెక్క సులువుగానే ఎక్కుతుంది. పెట్టుకున్నవాడు పూజారో రాజో ఎవరికీ తెలియదు. చేసినవాడి సంగతి అసలు ఎవరూ అడగలేదు.

అదే మ్యూజియంలో ట్రాయ్ అనే ప్రాచీన నగరపు నిధి అని ఒక పెట్టె ఉంది. ష్లీమన్ అనే ఆయన 1873లో తవ్వి తీసిన హారాలు, తలకు పెట్టుకునే గొలుసుల జాలర్లు. దూరం నుంచి చూసి "ఇది పాత బంగారం మెరుపు కాదు" అన్నాను మా ఆవిడతో. దగ్గరికి వెళితే చీటీలో రాసే ఉంది, నకళ్ళని. అసలువి 1945లో రష్యా సైన్యం పట్టుకుపోయింది, ఇప్పుడు మాస్కోలో ఉన్నాయి. నకళ్ళని దాచకుండా రాసినందుకు మెచ్చుకోవాలి. కానీ "ట్రాయ్ బంగారం చూసొచ్చాం" అని ఇంటికొచ్చి చెప్పేవాళ్ళు ఆ చీటీ కూడా చదవాలి.

ఇక అందరూ వచ్చేది నెఫర్టిటి రాణి తల బొమ్మ కోసం. ఆ గదిలో ఫోటోలు తియ్యనివ్వరు, అది ఒకందుకు మంచిదే, జనం కాస్త బొమ్మను చూస్తున్నారు. 1912 డిసెంబరులో ఈజిప్టులో ఒక శిల్పి పనిశాలలో దొరికింది. సున్నపురాయి మీద గచ్చు పూసి రంగులు వేశారు. మెడ గురించి, దవడ గురించి అందరూ చెబుతారు. నేను చూసింది కుడి కన్ను. నల్ల రంగు వేసిన స్ఫటికం ముక్కను కంట్లో పొదిగి తేనెమైనంతో నిలిపారు. మూడు వేల మూడొందల ఏళ్ళకు పైబడి అది ఊడలేదు. ఎడమ కన్ను మాత్రం ఖాళీ, గూడు ఒక్కటే ఉంది. "రాయి ఊడిపోయిందేమో, మీరు వేసిస్తారా?" అంది మా ఆవిడ. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు, మా నవ్వుకు.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తీసుకుని బయట పచ్చిక మీద కూర్చున్నాం. లోపల తిండి తిననివ్వరు, సంచులు లాకర్లో పెట్టాల్సిందే. దగ్గర్లో ఒక కాఫీ షాపులో రెండు కాఫీలకు పెట్టిన డబ్బు చెబితే మా వీధి టీ కొట్టతను మూర్ఛపోతాడు. ఫ్లాస్కు తెచ్చుకోండి. ఇంకో మాట, ఊళ్ళో చాలాచోట్ల బాత్రూముకు డబ్బులివ్వాలి, మ్యూజియాల్లో అక్కర్లేదు. వయసు మళ్ళినవాళ్ళకు ఈ టికెట్టు ఇందుకు కూడా పనికొస్తుంది. మీకు నవ్వొస్తే రావచ్చు.

ఆ పచ్చికకు ఎదురుగా ఉన్నది ఆల్టెస్ మ్యూజియం, 1830 నాటిది, అన్నిటికన్నా పాతది. ముందు వరసగా పద్దెనిమిది స్తంభాలు. లోపల గుండ్రటి గోపురం కింద దేవుళ్ళ విగ్రహాలు. వాటిని దాటుకుంటూ వెళ్ళి ఒక బంగారు చేప దగ్గర ఆగాం. 41 సెంటీమీటర్ల చేప, 1882లో అప్పటి జర్మనీలోని ఒక పొలంలో దొరికింది. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. చేసింది శకుల కాలంలో, రెండున్నర వేల ఏళ్ళ కిందట. చేప ఒంటి మీద పైసగం వేటాడే మృగాలు, కింది సగం చిన్న చేపల గుంపు, వెనక నుంచి కొట్టి పైకి లేపిన పని. నెల్లూరు మనిషికి చేప చూపించి మెప్పించడం కష్టం. "పులుసుకు సరిపోతుంది" అని మావాడు, "దీనికి తరుగెంత తీస్తారు?" అని మా ఆవిడ. నేను మాత్రం ఆ చిన్న చేపల వరస చూస్తూ నిలబడ్డాను. ఎక్కడా దెబ్బ తప్పలేదు.

అక్కడే నాణేల గది ఉంది. ఇక్కడ నేను ఊహించని పని పడింది, మా వాళ్ళకు నేనే గైడ్‌నయ్యాను. ట్రాజన్, హేడ్రియన్ అనే రోమన్ చక్రవర్తుల తలలున్న బంగారు నాణేలు చూపించి, "ఇవి మన నెల్లూరులో కూడా దొరికాయి" అన్నాను. మావాడు నమ్మలేదు. ఇది కట్టుకథ కాదు, అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఉత్తరంలో రాసిన సంగతి. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డం తగిలాయి. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, వాటి కింద చిన్న కుండ, కుండలో రోమన్ నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలామటుకు కరిగిపోయి ఉంటాయనీ, నవాబు అమీర్ ఉల్ ఉమ్రా ముప్పైకి పైగా తిరిగి సంపాదించాడనీ డేవిడ్‌సన్ రాశాడు. ఆయనకు రెండు ఏరుకోమంటే ఒక హేడ్రియన్, ఒక ఫాస్టినా (రోమన్ మహారాణి) తీసుకున్నాడట. అన్నీ మేలిమి బంగారమట. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. ఇంకొన్ని అరిగిపోయి, బెజ్జాలు పడి ఉన్నాయట, మెడలోనో చేతికో కట్టుకుని ఉంటారని ఆయన ఊహ.

ఆ బెజ్జాల మాట నాకు చాలా ఇష్టం. రోమ్ చక్రవర్తి తల మీద మనవాళ్ళు బెజ్జం వేసి కాసులపేరు గుచ్చుకున్నారన్నమాట. వేసిన బెజ్జం తల పైన వేశారా, మొహానికి అడ్డంగానా అన్నది తెలిస్తే బాగుండేది. కరిగించినవాళ్ళు ఎవరని మావాడు అడిగాడు. నెల్లూరులో పాత బంగారం ఎవరి మూసలోకి వెళుతుందిరా, మనవాళ్ళ మూసలోకే. నేనైనా ఆ రోజు కొట్లో కూర్చుని ఉంటే తూకం వేసి, వన్నె చూసి, డబ్బులిచ్చి పంపేవాణ్ణి. చక్రవర్తి ఎవరైతే నాకేం? ఆ గదిలో అద్దాల వెనక ఒక్కో కాసుకు ఒక్కో దీపం పెట్టి చూపిస్తుంటే, ఇన్ని కాసులు కరక్కుండా ఎలా మిగిలాయా అనిపించింది నాకు.

ఆల్టె నాషనల్‌గాలరీ అంతా పటాలే. మా ఆవిడ అక్కడ బెంచీ చూసి కూర్చుండిపోయింది. నేను ఒక్క పటం దగ్గర నిలబడ్డాను. మెంజెల్ అనే ఆయన 1872 నుంచి 1875 దాకా వేసిన, రైలు పట్టాలు తయారుచేసే ఇనుప కర్మాగారం. మధ్యలో ఎర్రగా కాలుతున్న కడ్డీ, చుట్టూ పట్టకార్లతో మనుషులు, ఒక మూల స్నానం చేస్తున్నవాళ్ళు, ఇంకో మూల గిన్నెలోంచి తింటున్నవాళ్ళు. నిప్పు దగ్గర పనిచేసేవాడి మొహం మీద వెలుగు కింది నుంచి పడుతుంది. ఆయన అది సరిగ్గా వేశాడు.

చివర బోడె మ్యూజియం, లంక కొసన నీళ్ళలోకి పొడుచుకొచ్చినట్టుంటుంది, 1904 నాటిది. ఇక్కడి నాణేల విభాగం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి, అయిదు లక్షలకు పైగా వస్తువులున్నాయి, చూపించేది అందులో కొంతే. కానీ నేను వెళ్ళింది లేనిదాని కోసం. కెనడా టంకశాల 2007లో నూరు కిలోల బంగారు నాణెం పోసింది, 99.999 శాతం స్వచ్ఛం. 53 సెంటీమీటర్ల అడ్డకొలత, మూడు సెంటీమీటర్ల మందం. అలాంటివాటిలో ఒకటి ఇక్కడ ప్రదర్శనకు ఉండేది. 2017 మార్చి 27 తెల్లవారుజామున దొంగలు రైలు పట్టాల వైపు కిటికీకి నిచ్చెన వేసి ఎక్కి, దాన్ని తోపుడు బండిలో వేసుకుని పోయారు. 2020లో ముగ్గురికి శిక్షలు పడ్డాయి. నాణెం మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

పన్నెండు వేల అయిదొందల సవర్లు! మావాడు ఆ కిటికీ ఏదో కనుక్కోవడానికి తెగ తిరిగాడు. నాకు వేరే లెక్క నడిచింది. అంత పెద్ద ముద్ద ఏ మూసలోనూ పట్టదు, ముందు ముక్కలు చెయ్యాలి. అంత స్వచ్ఛమైన బంగారం మైనంలా మెత్తగా ఉంటుంది, కొయ్యడం కష్టం కాదు. కాసింత రాగో వెండో కలిపితే చాలు, అది ఎక్కడిదో దేవుడు కూడా చెప్పలేడు. కరిగించేశారని పోలీసుల అనుమానమట. పనివాణ్ణి అడిగితే అదే చెబుతాడు.

పనోరమా హాలుకు వెళ్ళేసరికి కాళ్ళు మొరాయించాయి. చుట్టూ గుండ్రంగా ఎత్తయిన బొమ్మ, క్రీస్తు శకం 129లో పెర్గమాన్ అనే ప్రాచీన నగరం ఎలా ఉండేదో. మధ్యలో మెట్ల మంచె ఎక్కి చూడాలి. పొద్దు వాలి రాత్రి అయ్యేలా దీపాలు మారుస్తారు. మా ఆవిడకు రోజు మొత్తంలో ఇదే నచ్చింది, నాకు కొంచెం సినిమా సెట్టులా అనిపించింది. అదే హేడ్రియన్ కాలమని చీటీలో ఉంటే మాత్రం చుట్టం కనబడినట్టయింది.

వెళ్ళే రోజు చూసుకోండి. సోమవారం దాదాపు అన్నీ మూత, మంగళవారం కూడా ఆల్టెస్, బోడె మూసి ఉంటాయి, ఆ రోజు ఈ టికెట్టు కొంటే సగం నష్టం. చీటీలు జర్మన్‌లో, ఇంగ్లీషులో ఉంటాయి. మెట్రోలో వెళితే మ్యూజియం ఐలాండ్ పేరుతోనే స్టేషన్ ఉంది, 2021లో తెరిచారు, పట్టాల పైన కప్పు నీలాకాశంలా చుక్కల దీపాలతో ఉంటుంది, ఆ కప్పు చూడటానికి మ్యూజియం టికెట్టు అక్కర్లేదు. ఒక్కరోజులో అన్నీ నడవలేమనుకునేవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ ధరలో మూడు రోజులు వరసగా చెల్లే మ్యూజియం పాస్ ఉంది. ఊళ్ళో ముప్పై దాకా మ్యూజియాలకు అది పనిచేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అదే తీసుకోండి, పూటకొకటి చొప్పున చూసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవచ్చు.